పేరు కొట్టేసిన వ్యాసాలు

1947 వసంతకాలంలో జార్జ్ కెన్నన్ అనే అమెరికా దౌత్యాధికారి ఒక టైపు ప్రతి మీద తన పేరు కొట్టేసి, ఆ చోట ‘ఎక్స్’ అని ఒక్క అక్షరం రాశాడు. ఆ కాగితాలను న్యూయార్క్‌లోని ‘ఫారిన్ అఫైర్స్’ పత్రికకు పంపేశాడు. తర్వాత దాని ఊసే తలుచుకోలేదని ఆత్మకథలో రాసుకున్నాడు. లోకం మాత్రం తలుచుకుంది. ఆ ఏడాది జూలై సంచికలో వచ్చిన ఆ వ్యాసం పేరు ‘సోవియట్ ప్రవర్తనకు మూలాలు’. సోవియట్ యూనియన్‌ను ఎక్కడికక్కడ కట్టడి చేయాలన్న విధానానికి అది మూలపత్రంలా నిలిచిపోయింది. అంతర్జాతీయ సంబంధాలు చదువుకునే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ దాన్ని దాటుకునే వెళ్లాలి.

ఆ వ్యాసం పత్రికకు చేరిన దారి మరీ దగ్గరిది. 1947 జనవరిలో కెన్నన్ న్యూయార్క్‌లోని కౌన్సిల్ ఆన్ ఫారిన్ రిలేషన్స్‌లో ప్రసంగించాడు. పత్రికను నడిపేది ఆ సంస్థే. ఆ విషయాన్నే వ్యాసంగా రాసిమ్మని సంపాదకుడు హామిల్టన్ ఫిష్ ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగాడు. ప్రభుత్వోద్యోగిని, నా పేరుతో రాస్తే అందులో పస ఏముంటుందన్నాడు కెన్నన్. అయితే పేరు లేకుండానే వేద్దామన్నాడు ఆర్మ్‌స్ట్రాంగ్. అప్పటికే నౌకాదళ మంత్రి జేమ్స్ ఫారెస్టల్ కోసం రాసిన పత్రం ఒకటి కెన్నన్ దగ్గర సిద్ధంగా ఉంది. దాన్ని అచ్చు వేయించుకుంటానంటే ఫారెస్టల్ అడ్డు చెప్పలేదు. ఉద్యోగుల సొంత రాతలను పరిశీలించే విదేశాంగ శాఖ కమిటీ కూడా సరేనంది. దాంతో పని అయిపోయింది. విషయం తెలిసిన మరో ఇద్దరికి పంపి అభిప్రాయం అడగడం, మార్పులు కోరడం, నెలల తరబడి ఎదురుచూడడం, అవేవీ లేవు.

గుట్టు మాత్రం నెల రోజులు కూడా నిలవలేదు. ‘న్యూయార్క్ టైమ్స్’ కాలమిస్టు ఆర్థర్ క్రాక్ ఆ పత్రాన్ని అంతకుముందే ఫారెస్టల్ దగ్గర చూసి ఉన్నాడు. పత్రికలో అవే వాక్యాలు కనబడేసరికి రాసిందెవరో పోల్చుకుని, జూలై 8న తన కాలమ్‌లో బయటపెట్టాడు. కెన్నన్ అప్పటికి విదేశాంగ శాఖలో విధాన రూపకల్పన విభాగానికి అధిపతి అయ్యాడు. దాంతో ఒక మనిషి అభిప్రాయం కాస్తా ప్రభుత్వం మాటగా మారిపోయింది. ‘లైఫ్’, ‘రీడర్స్ డైజెస్ట్’ పొడవాటి భాగాలు పునర్ముద్రించాయి. మరో కాలమిస్టు వాల్టర్ లిప్‌మన్ దాన్ని ఖండిస్తూ వరుసగా రాసిన పత్రికా వ్యాసాలే ‘ద కోల్డ్ వార్’ అనే పుస్తకమయ్యాయి.

ఇక్కడ ఎవరికి ఏమి తెలుసన్నది గమనించాలి. వ్యాసాన్ని అంగీకరించిన సంపాదకుడికి రచయిత ఎవరో తెలుసు, తెలుసు కాబట్టే అడిగి రాయించుకున్నాడు. తెలియనిది పాఠకులకు. అంతర్జాతీయ సంబంధాల శాస్త్రంలోని పరిశోధన జర్నళ్లలో ఇప్పుడు నడుస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు. అచ్చయ్యాక పేరు అందరికీ కనిపిస్తుంది. అచ్చు వేయాలా వద్దా అని తూకం వేసే సమీక్షకులకు మాత్రం దాన్ని దాస్తారు. ఈ మార్పు ఎలా వచ్చిందో చెప్పుకుంటే వ్యాసాన్ని సిద్ధం చేసి పంపడమనే పని చరిత్ర చాలావరకు చెప్పుకున్నట్టే.

మొదట్లో ఈ శాస్త్రానికి సొంత పేరు కూడా లేదు. 1910లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లోని క్లార్క్ విశ్వవిద్యాలయం నుంచి జార్జ్ హబ్బర్డ్ బ్లేక్‌స్లీ, జి. స్టాన్లీ హాల్ కలిసి ‘జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్’ అనే పత్రిక మొదలుపెట్టారు. ‘వెనుకబడిన’ జాతులను ‘అభివృద్ధి’ చేయడం ఎలాగన్నదే ఆనాటి పాశ్చాత్య పండితులకు అంతర్జాతీయ ప్రశ్న. ఆ ఆలోచనలోని అహంకారాన్ని ఎండగట్టిన నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ కూడా 1917లో అందులోనే తెల్లవాళ్ల సంస్కృతి మీద ఘాటైన వ్యాసం రాశాడు. 1919లో పత్రిక పేరు ‘జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్’గా మారింది. 1922లో దాన్ని కౌన్సిల్ ఆన్ ఫారిన్ రిలేషన్స్ తీసుకోగా, ఆ స్థానంలో ‘ఫారిన్ అఫైర్స్’ వచ్చింది. విదేశీ వ్యవహారాల మీద అమెరికాలో అంతకన్నా పలుకుబడి ఉన్న పత్రిక లేదు. దాని పుట్టుకలో జాతివాదం పాలు ఉన్న సంగతి పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఎత్తలేదు.

‘ఫారిన్ అఫైర్స్’ తొలి సంపాదకుడు ఆర్చిబాల్డ్ క్యారీ కూలిడ్జ్ హార్వర్డ్ ఆచార్యుడు. ఉద్యోగం వదిలి న్యూయార్క్ రాలేనన్నాడు. అక్కడి కార్యాలయం చూసుకోవడానికి ఇరవై తొమ్మిదేళ్ల ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెట్టారు. ఎవరి చేత రాయించాలి, ఎవరి వ్యాసం తిప్పి పంపాలి అన్నవన్నీ ఇద్దరి మధ్య ఉత్తరాల మీదే నడిచేవి. 1922 సెప్టెంబరు నాటి మొదటి సంచికలో రష్యా మీద వచ్చిన వ్యాసం కింద ‘కె’ అని మాత్రమే ఉంది. ఆ ‘కె’ కూలిడ్జే. కెన్నన్ ‘ఎక్స్’కు పాతికేళ్ల ముందే ఆ పత్రికకు అక్షరం చాటున దాక్కోవడం అలవాటన్నమాట.

లండన్‌లో కూడా ఇదే ఏడాది ఇలాంటి ఏర్పాటే జరిగింది. 1919 పారిస్ శాంతి సభకు వెళ్లిన బ్రిటిష్ ప్రతినిధులు, అమెరికన్లు కలిసి వేసుకున్న పథకం నుంచి పుట్టిన సంస్థ చాతమ్ హౌస్. అది 1922లో సొంత పత్రిక మొదలుపెట్టింది, ఇప్పటి ‘ఇంటర్నేషనల్ అఫైర్స్’ అదే. తొలి సంచికల నిండా ఎక్కువగా ఆ భవనంలో చేసిన ప్రసంగాలు, వాటిపై జరిగిన చర్చలే. అంటే వ్యాసం పంపడం కంటే ముందు పిలుపు రావాలి. మాట్లాడింది ఎవరో బయట చెప్పకూడదన్న చాతమ్ హౌస్ నియమం 1927 నాటిది. గదిలో అందరికీ అందరూ తెలుసు, గుట్టు గది బయటివాళ్ల దగ్గరే.

వలసదేశపు నాయకుడైనా పేరున్నవాడైతే ఈ గదుల తలుపు తెరుచుకునేది. 1938 జనవరి ‘ఫారిన్ అఫైర్స్’లో జవాహర్‌లాల్ నెహ్రూ భారతదేశ ఐక్యత మీద వ్యాసం రాశాడు, సొంత పేరుతోనే. సరిగ్గా రెండు నెలల ముందు, 1937 నవంబరులో, కలకత్తా ‘మోడరన్ రివ్యూ’లో ‘రాష్ట్రపతి’ అనే వ్యాసం ‘చాణక్య’ పేరుతో వచ్చింది. జవాహర్‌లాల్‌లో నియంత లక్షణాలున్నాయి, జాగ్రత్తగా ఉండండని అందులో హెచ్చరిక. అదీ నెహ్రూ రాసుకున్నదే. పేరు పెట్టడం వల్ల వచ్చే బరువు ఏమిటో, తీసేస్తే వచ్చే వెసులుబాటు ఏమిటో ఆయనకు రెండూ తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిస్థితి మారడం మొదలైంది. 1947లో బోస్టన్‌లోని వరల్డ్ పీస్ ఫౌండేషన్ ‘ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్’ను తెచ్చింది. మొదట్లో అందులో చాలా పేజీలు ఐక్యరాజ్యసమితి, దాని అనుబంధ సంస్థల కార్యకలాపాల సారాంశాలే. 1948లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి ‘వరల్డ్ పాలిటిక్స్’ వచ్చింది. మూడేళ్లకే యాజమాన్యంతో పొసగక ఆచార్యుల బృందం ప్రిన్స్‌టన్‌కు తరలిపోయింది, పత్రికను కూడా వెంట తీసుకుపోయింది. ఢిల్లీలో అంతకుముందే, 1943లో ఏర్పడిన ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ 1945లో ‘ఇండియా క్వార్టర్లీ’ని ప్రారంభించింది. దాన్ని నిలబెట్టిన భారం ఎక్కువగా కౌన్సిల్ కార్యదర్శి ఎ. అప్పాదొరై మోశాడు. తర్వాత కౌన్సిల్ భవనమైన సప్రూ హౌస్‌లో దాని నీడనే పెరిగిన ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1959లో ‘ఇంటర్నేషనల్ స్టడీస్’ మొదలుపెట్టింది. ఆ స్కూల్ 1970లో జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ)లో కలిసింది.

అప్పట్లో వ్యాసం సిద్ధం చేయడమంటే ముందు ఒళ్లు అలిసే పని. కాగితానికి ఒకవైపే, వరుసకూ వరుసకూ మధ్య రెట్టింపు ఎడం వదిలి టైపు చేయాలి. ఆ ఎడం సంపాదకుడి కలానికి. ఫుట్‌నోట్లు విడిగా చివర్లో కొట్టాలి, ఎందుకంటే కంపోజిటర్ వాటిని వేరే సైజు అక్షరాల్లో కూర్చాలి. కింద కార్బన్ పెట్టి తీసిన రెండో ప్రతి మసకగా, మూడోది ఇంకా మసకగా వచ్చేది. ఒక్క పేరా మారిస్తే పేజీలన్నీ మళ్లీ కొట్టాలి. ‘కాగితానికి ఒకవైపే రాయాలి, తిరుగుటపాకు తగిన స్టాంపులు జతపరచాలి, ఇది నా సొంత రచనేనని హామీపత్రం పంపాలి’ అనే షరతులు చదువుతూ పెరిగిన తెలుగు కథకులకు ఈ తంతు కొత్తగా అనిపించదు. ఢిల్లీ నుంచో వాల్తేరు నుంచో అమెరికా పత్రికకు పంపేవాళ్లకు ఇంకో చిక్కు ఉండేది. భారత స్టాంపు అంటించిన తిరుగు కవరు అక్కడ చెల్లదు. ప్రపంచ తపాలా సంఘం 1906 రోమ్ మహాసభలో ఇందుకోసం ఇంటర్నేషనల్ రిప్లై కూపన్ అనే చీటీ తెచ్చింది. దాన్ని ఏ సభ్యదేశపు పోస్టాఫీసులో ఇచ్చినా జవాబు ఉత్తరానికి సరిపడా స్టాంపు ఇస్తారు. దేశాల మధ్య సహకారం సాధ్యమా కాదా అని వాదించే వ్యాసంతో పాటు, సాధ్యమేనని చూపించే చీటీ కూడా అదే కవరులో వెళ్లేది.

వ్యాసాన్ని బయటివాళ్లకు చూపించే పద్ధతి మాత్రం ఈ శాస్త్రంలో పుట్టింది కాదు. 1665లో లండన్ రాయల్ సొసైటీ పత్రికను హెన్రీ ఓల్డెన్‌బర్గ్ దాదాపు ఒంటిచేత్తో నడిపాడు. సొసైటీలో లిఖిత సమీక్షలు 1832లో గానీ మొదలు కాలేదు. ఆ తర్వాత కూడా శాస్త్రాలన్నిటికీ అది నియమం కాలేదు. 1936లో ‘ఫిజికల్ రివ్యూ’ సంపాదకుడు తన వ్యాసాన్ని ఇంకొకరికి చూపించాడని ఐన్‌స్టీన్ మండిపడి వెనక్కి తీసేసుకున్నాడు. అచ్చు వేయమని పంపాను గానీ ఎవరికో చూపించమని కాదు అన్నది ఆయన అభ్యంతరం. సమీక్షకుడు చెప్పిందే నిజమని తేలి, ఆ వ్యాసం చివరికి వేరే పత్రికలో సవరించిన నిర్ధారణతో వచ్చింది. ‘నేచర్’ ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది 1973లోనే.

అంతర్జాతీయ సంబంధాల్లోకి అది రావడానికి రెండు మూడు కారణాలు కలిసొచ్చాయి. 1957లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ‘జర్నల్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్’ యుద్ధాల అధ్యయనంలోకి లెక్కలను, గేమ్ థియరీని తెచ్చింది. ప్రసంగాలు విని బాగుంది, వేద్దామనుకునే సంపాదకుడికి సమీకరణాల తప్పొప్పులు చూడడం అలవికాదు, తెలిసినవాళ్లను అడగాల్సిందే. ఇంకోపక్క విశ్వవిద్యాలయాల్లో ఆచార్యుల సంఖ్య పెరిగింది. ఉద్యోగం ఖాయం కావాలంటే పత్రికల్లో వ్యాసాలుండాలన్న పట్టు బిగిసింది. ఎవరో తెలియనివాళ్ల నుంచి వచ్చే కవర్లు బల్ల మీద గుట్టపడ్డాయి. 1959లో వచ్చిన జెరాక్స్ 914 యంత్రం మామూలు కాగితం మీదే ప్రతులు తీసిపెట్టి, ముగ్గురికి పంపే పనిని తేలిక చేసింది. రాబర్ట్ కొహేన్ 1974 నుంచి 1980 దాకా ‘ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్’ సంపాదకుడిగా ఉన్న కాలానికి అది ఐక్యరాజ్యసమితి వార్తల పత్రికగా కాక సిద్ధాంత చర్చల వేదికగా మారిపోయింది.

సమీక్ష వచ్చినంత మాత్రాన పేరు మోజు పోదు. అది ఎంత గట్టిదో తేల్చిన ప్రయోగం మనస్తత్వశాస్త్రంలో జరిగింది. డగ్లస్ పీటర్స్, స్టీఫెన్ సెసీ అనే ఇద్దరు పరిశోధకులు పేరున్న విశ్వవిద్యాలయాల వాళ్లు రాసిన 12 వ్యాసాలు ఎంచుకున్నారు. అన్నీ పెద్ద పత్రికల్లో అప్పటికే అచ్చయినవే. రచయితల పేర్లు, సంస్థల పేర్లు తీసేసి, ఎవరూ వినని కల్పిత పేర్లు పెట్టి, వాటిని అచ్చేసిన పత్రికలకే మళ్లీ పంపారు. ఇవి పాతవని మూడింటి విషయంలోనే పసిగట్టారు. మిగిలిన తొమ్మిదిలో ఎనిమిది తిరిగొచ్చాయి. పరిశోధన పద్ధతిలో పెద్ద లోపాలున్నాయని సమీక్షకులు రాశారు. 1982లో ఈ ఫలితాలు వెలువడ్డాక రచయిత పేరు సమీక్షకులకు తెలియకూడదన్న వాదనకు బలమొచ్చింది. ఎదుటివాదులు ప్రయోగంలో ఎంచిన లోపాలూ లేకపోలేదు, ఒక్కసారి నిరాకరించినంత మాత్రాన పక్షపాతం రుజువు కాదన్నారు. అయినా ఎనిమిది తిరస్కారాలను అంత తేలిగ్గా కొట్టిపారేయడం కష్టం.

రెండువైపులా పేర్లు దాచే సమీక్ష ఇవాళ అంతర్జాతీయ సంబంధాల ప్రధాన జర్నళ్లలో మామూలు. అందుకే ఇప్పుడు వ్యాసం సిద్ధం చేయడంలో ఒక పెద్ద వంతు రచయిత తన జాడ తానే చెరిపేసుకోవడం. పేరు, హోదా, కృతజ్ఞతలు, నిధులిచ్చిన సంస్థ వివరాలు విడి ఫైలులోకి వెళ్లాలి. ‘గతంలో నేను వాదించినట్టు’ అన్న వాక్యం ఉండకూడదు, తన పాత వ్యాసాన్ని పరాయివాడి వ్యాసంలా ప్రస్తావించాలి. కొన్ని పత్రికలు అక్కడ పేరు బదులు ‘రచయిత’ అని పెట్టమంటాయి. వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో కంప్యూటర్ తనంతట తాను రాసుకున్న పేరును కూడా తుడవాలి, మరిచిపోయేది అక్కడే. అన్నీ చేశాక వెబ్ పోర్టల్‌లోకి ఎక్కించాలి. రచయితలను గుర్తించే 16 అంకెల ఓర్కిడ్ నంబరు అడుగుతుంది. సంపాదకుడికి కవర్ లెటర్, ఇంకెక్కడా పంపలేదన్న హామీ అడుగుతుంది. ఈమధ్య ఏఐ పరికరాలు వాడారా అన్న ప్రశ్న కూడా చేరింది.

ఇంత చేసినా గుట్టు పూర్తిగా నిలవదు. ఒక చిన్న దేశపు విదేశాంగ పత్రాల మీద పనిచేసేవాళ్లు ప్రపంచం మొత్తం మీద నలుగురైదుగురే ఉంటే, ఐదో వాక్యానికల్లా సమీక్షకుడికి అర్థమైపోతుంది. సదస్సులో చదివిన పాత రూపం ఇంటర్నెట్‌లో ఉంటే మరీ సులువు. అయినా పేరు చూసి మొదటి పేజీలోనే మనసు మార్చుకునే వెసులుబాటైతే తగ్గుతుంది.

సమీక్ష దాకా వెళ్లేవే కొన్ని. చాలా వ్యాసాలను సంపాదకుడే తిప్పి పంపేస్తాడు, దానికి ‘డెస్క్ రిజెక్ట్’ అని పేరు. అది దాటితే ఎక్కువమంది కోరుకునేది ‘ఆర్ అండ్ ఆర్’, అంటే సవరించి మళ్లీ పంపమన్న ఉత్తరం. అప్పుడు రచయిత వ్యాసంతో పాటు జవాబు పత్రం కూడా పంపాలి. సమీక్షకుల ప్రతి అభ్యంతరం కింద ఏ పేజీలో ఏం మార్చాడో, మార్చకపోతే ఎందుకో వివరించాలి. మొదటి సమీక్షకుడు కేసు స్టడీ పెంచమంటే రెండోవాడు తీసేయమంటాడు. పదాల పరిమితి మాత్రం కదలదు. ఆ జవాబు పత్రాలు కొన్నిసార్లు వ్యాసమంత పొడుగు ఉంటాయి. అవి ఎక్కడా అచ్చు కావు గానీ, ఈ శాస్త్రంలో అసలు వాదనలు ఎన్నో నడిచేది అక్కడే.

పేరు లేకుండా తూచినా పేరు ఉన్నాక జరిగేది వేరే కథ. డేనియల్ మలీనియాక్, రయన్ పవర్స్, బార్బరా వాల్టర్ 2013లో ‘ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్’లో ప్రచురించిన అధ్యయనంలో 1980 నుంచి 2006 దాకా 12 పత్రికల్లో వచ్చిన మూడు వేలకు పైగా వ్యాసాలను చూశారు. మహిళలు రాసినవాటిని మిగతావాళ్లు తక్కువగా ఉటంకిస్తున్నారు. తమ పాత వ్యాసాలను తాము ఉటంకించుకోవడంలో కూడా మహిళలు మగవాళ్లకన్నా వెనకే. ఉపయుక్త గ్రంథాల జాబితాలో ఎవరిని వదిలేశారో పంపే ముందు ఒకసారి చూసుకోమని కొన్ని పత్రికలు రచయితలకు ఇప్పుడు చెబుతున్నాయి.

పాత దారి మూసుకుపోలేదు. ‘ఫారిన్ అఫైర్స్’ ఇప్పటికీ సమీక్షకులకు పంపదు, సంపాదకులే నిర్ణయిస్తారు. విధానం నడిపేవాళ్లు, నడిపించాలనుకునేవాళ్లు అందులోనే రాస్తారు. పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత 1998లో భారతదేశపు వాదనను ప్రధాని సలహాదారు జస్వంత్ సింగ్ వినిపించింది ఆ పత్రికలోనే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్రం చదివి, జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ చేసిన సి. రాజామోహన్ 2006లో భారతదేశం, ప్రపంచ బలాబలాల సమతూకం మీద రాసింది కూడా అందులోనే. అయితే అక్కడ వ్యాసం పడితే ఢిల్లీ, వాషింగ్టన్‌లలో చదువుతారు గానీ, విశ్వవిద్యాలయంలో పదోన్నతి లెక్కకు సమీక్ష జరిగిన జర్నల్ కావాలి.

ఆ లెక్కే మన దగ్గర ఒక వ్యాపారాన్ని పుట్టించింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు సమీక్ష ఉన్న పత్రికలో కనీసం ఒక్క పరిశోధన పత్రమైనా రావాల్సి ఉండేది. అన్ని శాఖలకూ, అన్ని ఊళ్ల కాలేజీలకూ అదే నియమం. డబ్బు కడితే వారంలో అచ్చు వేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి ఒకేసారి 4,305 పత్రికలను తీసేసింది. ఆ మరుసటి ఏడాది మార్చిలో, హైదరాబాద్ కేంద్రంగా వందల కొద్దీ జర్నళ్లు నడిపిన ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. సమీక్ష జరుగుతుందని నమ్మించడం, వ్యాసం అంగీకరించాక గానీ రుసుము సంగతి బయటపెట్టకపోవడం ఆరోపణల్లో ముఖ్యమైనవి. ఇంకొకటి కూడా ఉంది. ఏ సంబంధమూ లేని ప్రసిద్ధ ఆచార్యుల పేర్లను వాళ్లకు చెప్పకుండానే సంపాదక వర్గంలో వేసుకున్నారు.

2019లో యూజీసీ ‘కేర్’ పేరుతో కొత్త జాబితా తెచ్చింది. 2022 నవంబరు నిబంధనల్లో పీహెచ్‌డీకి ముందు పత్రం అచ్చు కావాలన్న షరతును ఎత్తేసింది. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాను కూడా రద్దు చేస్తున్నట్టు ప్రకటించి, జర్నల్‌ను అంచనా వేయడానికి కొన్ని ప్రమాణాలు సూచించి ఊరుకుంది. ఏ పత్రికను లెక్కలోకి తీసుకోవాలో ఇక విశ్వవిద్యాలయాలే తేల్చుకోవాలి. వ్యాసం ఎక్కడికి పంపాలో అడగడానికి వచ్చిన విద్యార్థికి చూపించడానికి గైడు చేతిలో ఇప్పుడు అధికారిక జాబితా ఏదీ లేదు.